ముందు బుంగ, తర్వాతే గండి

2019 డిసెంబరు 31 తెల్లవారుజామున వనపర్తి జిల్లా మదనాపురం మండలంలో సరళాసాగర్ కట్ట తెగింది. ఆ రోజు వాన లేదు, పైనుంచి వరద కూడా లేదు. యాసంగికని నిలబెట్టుకున్న నీళ్లు కొన్ని గంటల్లో వాగు పట్టిపోయాయి. వనపర్తి సంస్థానం చివరి రోజుల్లో, 1949లో మొదలుపెట్టి 1959 నాటికి పూర్తి చేసిన ప్రాజెక్టు అది. దానికి గేట్లు ఉండవు. నీళ్లు ఒక మట్టం దాటగానే సైఫన్లు వాటంతటవే అందుకుని మిగులును బయటికి తోస్తాయి. కట్టినవాళ్లు వరదకు దారి చూపించే పెట్టారు. తెగింది వరదకు కాదు, కట్ట లోపల నీళ్లు చేసుకున్న దారికి.

చెరువుల దగ్గర పనిచేసేవాళ్లు ఈ రెంటికీ రెండు మాటలు వాడతారు. కట్ట తెగి నీళ్లు పోయే పెద్ద చీలిక గండి. అంతకు ముందు ఎప్పుడో, ఎండ్రికాయ తవ్విన బొక్క నుంచో, పందికొక్కు బొరియ నుంచో, కుళ్లిన చెట్టు వేరు వదిలిన సందు నుంచో, తూము గోడకూ మట్టికీ మధ్య విడిచిన చోటు నుంచో నీళ్లు సన్నగా అవతలికి దారి పట్టడం బుంగ. గండి అందరికీ కనబడుతుంది, పేపర్లో పడుతుంది. బుంగను కట్ట మీద తిరిగే మనిషే చూడాలి.

చూసేవాడికి ఒక గుర్తు ఉంది. కట్ట కింద కారే నీళ్లు తేటగా ఉంటే కంగారు పడక్కర్లేదు. మట్టికట్ట ఎంత గట్టిదైనా కొంచెం చెమ్మగిలుతుంది. అదే నీళ్లు ఎర్రగా, బురదగా వస్తున్నాయంటే లోపల కట్ట మట్టే కొట్టుకుపోతోంది. అప్పుడు చేతిలో గంటలే మిగులుతాయి. నీళ్లు ఎన్ని పోతున్నాయన్నది రెండో సంగతి. వాటితో పాటు ఏం పోతోందన్నది మొదటి సంగతి.

రాజ్యాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు పడతాయి, పడ్డవి ఎట్లా మళ్లీ నిలబడతాయి అన్న చర్చలో మనకు ఎక్కువగా దొరికేవి గండి తేదీలే. 1323 ఓరుగల్లు, 1687 గోల్కొండ, 1948 హైదరాబాదు. ఈ తేదీలు బట్టీ పట్టినంత మాత్రాన ఏమీ తేలదు. దక్షిణ తెలంగాణలో ఈ ప్రశ్నకు జవాబు కోట గోడల మీద కాక చెరువు కట్టల మీద వెతకాలన్నది నా వాదన. పోలిక బాగుందని అనడం లేదు. ఇక్కడ రాజ్యమంటే నిజంగానే చెరువు.

నల్లగొండ, పాలమూరు నేల కింద ఉన్నది గ్రానైట్. బండలో నీరు నిలవడానికి పగుళ్లు తప్ప చోటు లేదు. సగటున ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన, అదీ చాలా భాగం కొన్ని పెద్ద వానల్లోనే. కృష్ణ పక్కనే పారుతుంది కానీ లోయలో పారుతుంది. మోటార్లు రాకముందు దాన్ని చూడటమే, తోడుకోవడం లేదు. ఈ నేల మీద నాలుగు వానలను ఎనిమిది నెలలు దాచగలిగినవాడికి వరి పండింది, వరి పండినవాడికి పన్ను వచ్చింది, పన్ను వచ్చినవాడికి సైన్యం, గుడి, శాసనం వచ్చాయి. వరుస ఇదే. కత్తితో మొదలుపెట్టి చెప్పే చరిత్ర వరుసను తలకిందులు చేస్తుంది.

నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్లునే తీసుకోండి. కందూరు చోడులకు అది రాజధాని. అక్కడి ఉదయసముద్రం పేరు ఆ వంశపు ఉదయన చోడుడిది. ఛాయా సోమేశ్వరాలయంలో రోజంతా కదలని స్తంభం నీడను చూడ్డానికి దూరం నుంచి జనం వస్తారు. ఆ గుడికి దీపం, నైవేద్యం వచ్చింది చెరువు కింది మాగాణి నుంచేనన్న ఊహ మాత్రం చాలామందికి రాదు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు 1200 ప్రాంతంలో గుళ్లు కట్టించారు. అక్కడా అంతే. ఊరు, గుడి, చెరువు మూడూ ఒకే లెక్కలో పుట్టాయి.

ఆ లెక్క పేరు దశబంధం. చెరువు కట్టినవాడికి, లేదా తెగిన చెరువును బాగుచేసినవాడికి, దాని కింద పారే భూమిలో పదోవంతు మాన్యంగా వదిలేవారు. చెరువు కింద రెండు వందల ఎకరాలు పారితే ఇరవై ఎకరాలు అతనివి, పన్ను లేకుండా. పైకి దానంలా కనిపిస్తుంది కానీ ఇందులో గట్టి మెలిక ఉంది. ఆ ఇరవై ఎకరాలు కూడా అదే చెరువు కింద ఉన్నాయి. కట్ట తెగితే ముందు ఎండేది అతని పొలమే. చెరువు నిండుగా ఉన్నన్ని రోజులే మాన్యానికి విలువ. చూసుకునేవాడి కూలిని, చూసుకోవలసిన వస్తువు బతుకుకు కట్టేశారు. ఖజానా నుంచి జీతం ఇస్తే ఈ బిగి రాదు. ఖజానా ఓరుగల్లులో ఉంటుంది, బుంగ పిల్లలమర్రిలో పడుతుంది.

కాకతీయులు పెరిగింది ఈ మెలికను ఊరూరికీ విస్తరించగలిగారు కాబట్టే. 1163 అనుమకొండ శాసనం నాటికి రుద్రదేవుడు స్వతంత్రుడు. గణపతిదేవుడి కాలానికి రాజ్యం సముద్రం దాకా వెళ్లింది. మోటుపల్లి రేవులో దిగే వర్తకులకు ఆయన అభయ శాసనం వేయించాడు. తుఫానుకు చెదిరి ఒడ్డుకు చేరిన ఓడల సరుకును గుంజుకునే పాత అలవాటు మాన్పించి, సుంకం మాత్రమే తీసుకుంటామని మాటిచ్చాడు. ఇదీ ఒక కట్టే. ఒక్కసారి దోచుకుంటే వచ్చే రాబడి కన్నా ఏటా వచ్చే సుంకం మేలని లెక్కేసుకున్న రాజ్యం ఎదుగుతున్నట్టు గుర్తు. వెనకబడుతున్న రాజ్యం సరిగ్గా దీనికి ఎదురు లెక్క వేస్తుంది.

ఆ లెక్క మారడం ప్రతాపరుద్రుడి కాలంలో కనబడుతుంది. అందులో తప్పంతా ఆయనది కాదు. 1303 నుంచి 1323 దాకా ఢిల్లీ సైన్యాలు కనీసం ఐదుసార్లు వచ్చాయి. 1310లో మాలిక్ కాఫూర్‌తో సంధి కుదిరింది. ఉన్న సొమ్ము ఒకసారి పోవడమే కాక ఏటేటా కప్పం కట్టాలి. కప్పం అంటే ఊళ్లో పుట్టి, ఊరికి తిరిగి రాని పన్ను. పన్ను కోటకు పోయినా అందులో కొంత చెరువుగానో గుడిగానో తిరిగొస్తే కారేది తేట నీరు. ఢిల్లీకి పోయింది తిరిగిరాదు. అది ఎర్రనీరు. ఇరవై ఏళ్లు అట్లా కారిన తర్వాత, 1323లో ఢిల్లీ యువరాజు ఉలూగ్ ఖాన్ తెంపిన కట్టలో ఎంత మట్టి మిగిలి ఉంటుంది?

అసలు విశేషం తర్వాత జరిగింది. ఓరుగల్లు పోయిన పదిహేనేళ్ల లోపే ముసునూరి నాయకులు దాన్ని తిరిగి పట్టుకున్నారు. ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనంలో పోయిన అగ్రహారాలను తిరిగి ఇవ్వడం గురించి ఉంది. ప్రోలయ తర్వాత వచ్చిన కాపయ నాయకుడిని ఓడించి రేచర్ల పద్మనాయకులు రాచకొండ, దేవరకొండల్లో నిలదొక్కుకున్నారు. వీళ్లలో వీళ్లకు పడలేదు, ఒకరినొకరు చంపుకున్నారు కూడా. అయినా నల్లగొండ పల్లెల్లో పంట ఆగలేదు. రాచకొండ గుట్టల్లోనూ కొత్త చెరువులు తవ్వించారు. తల తెగినా మొండెం నడిచిందంటే, ప్రాణం తలలో లేదన్నమాట.

శ్రీలంక పొడి మండలాన్ని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పన్నెండో శతాబ్దంలో మొదటి పరాక్రమబాహు పొలొన్నరువలో సముద్రమంత చెరువులు కట్టించాడు. కాల్వతో కాల్వ, చెరువుతో చెరువు కలిపి ఒక్క యంత్రంలా చేశాడు. 1215లో మాఘుడి దండయాత్ర తర్వాత ఆ పెద్ద చెరువులను చూసుకునే చేయి లేకపోయింది. క్రమంగా జనం, రాజధాని నైరుతికి జారిపోయారు. చాలా పెద్ద చెరువులు అడవిలో కలిసి, మళ్లీ పందొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాల్లో గానీ బాగుపడలేదు. అంత పెద్ద యంత్రానికి అంత పెద్ద రాజే కావాలి. పైదాని మిగులు నీళ్లు కిందిదానికి చేరే మన గొలుసుకట్టు చెరువులు చిన్నవి. ఒక్కో కట్టను ఒక్కో ఊరు మోయగలదు. రాజు కట్టించినా ఊరు బతికించింది. గొప్పగా కట్టడం, నిలిచేలా కట్టడం ఒకటి కావని నేను గట్టిగా నమ్ముతాను. మనకు మిగిలింది రెండోది.

మరి ఎవరో ఒకరు వచ్చి కావాలని కట్ట తెంపితే? అదీ జరిగింది, బాగ్దాదు పక్కన. టైగ్రిస్ తూర్పు భూములకు ప్రాణమైన నహ్రవాన్ కాల్వను 937లో ఇబ్న్ రాయిక్ అనే సేనాపతి తెగ్గొట్టించాడు. శత్రువు సైన్యం దాటకుండా నీళ్లు అడ్డం పెడదామన్నది అతని ఎత్తు. శత్రువు ఆగలేదు, పొలాలు మాత్రం పోయాయి. ఆ సేనాపతి బయటివాడు కాదు, ఖలీఫా తన అధికారమంతా చేతిలో పెట్టిన మనిషే. కంచే చేను మేయడమంటే ఇదే. గోల్కొండలోనూ ఇదే వాసన. 1685లో సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం మొగలుల వైపు వెళ్లిపోయాడు. 1686లో మంత్రులు అక్కన్న, మాదన్నలను చంపేశారు. ఎనిమిది నెలల ముట్టడికి లొంగని కోట 1687లో లోపలివాళ్లు తలుపు తీస్తే పడింది. ముట్టడి గండి, సేనాపతి వెళ్లిపోవడం ఎర్రనీరు. మధ్య రెండేళ్ల ఎడం ఉంది. చూసుకునే కన్నుంటే చాలు.

రాజవంశాల ఆయుష్షు గురించి పద్నాలుగో శతాబ్దపు ఉత్తరాఫ్రికా పండితుడు ఇబ్న్ ఖల్దూన్ ఒక లెక్క చెప్పాడు. గట్టి ఐకమత్యంతో గెలిచిన తరం, దాన్ని చూసి నేర్చుకున్న తరం, సుఖానికి అలవాటు పడి మరిచిపోయిన తరం. తరానికి నలభై ఏళ్ల చొప్పున నూట ఇరవై ఏళ్లకు వంశం ముగుస్తుందని. ఇక్కడ వేసి చూస్తే కొంత కుదురుతుంది. నాగార్జునకొండ విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకులు నలుగురే రాజులు, సుమారు వందేళ్లు. రాచకొండ కూడా ఆ దరిదాపుల్లోనే. కాకతీయులు 1163 నుంచి లెక్కేస్తే 160 ఏళ్లు, కుతుబ్‌షాహీలు 1518 నుంచి 169, అసఫ్‌జాహీలు 1724 నుంచి 224. అంటే లెక్క సాగుతూ పోయింది. సుఖం మనుషులను మెత్తబరుస్తుందన్న మాట వినసొంపుగానే ఉంటుంది కానీ, మెత్తబడిన ఎంతమంది రాజులను వాళ్ల గట్టి కరణాలు మోశారో ఎవరు లెక్కేశారు? తరాల సంఖ్య కారణం కాదు. మరమ్మతు బాధ్యత ఎంతమంది మీద పంచి ఉందన్నది కారణం.

ఇక్ష్వాకుల సంగతే అందుకు రుజువు. రాజులు అశ్వమేధాలు చేశారు, ఇంటి ఆడవాళ్లు బౌద్ధ విహారాలకు దానాలు ఇచ్చారు. మొదటి రాజు చాంతమూలుడి చెల్లెలు చాంతిసిరి ఆ దాతల్లో పేరున్నది. మూసీ పరీవాహకంలో ఉన్న ఫణిగిరి దాకా ఆ వైభవం పాకింది. కానీ ఆ కట్టడాలకు ప్రాణం రాజకుటుంబం, వర్తకుల విరాళం. ఈ రెండు చేతులు వెనక్కి వెళ్లగానే విహారం కింద పారే ఆయకట్టు లేదు, దానికోసం కట్ట ఎక్కే ఊరు లేదు. పదహారు శతాబ్దాల తర్వాత నాగార్జునసాగర్ నీళ్లు ఆ లోయను, ఇవతలి ఒడ్డున ఏలేశ్వరాన్ని కూడా ముంచాయి. అవి అంతకు ఎంతో ముందే ఎండిపోయిన ఊళ్లు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు మీద 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని రాసుకున్నాడు. అంతకన్నా విలువైనది అందులో చెరువుకు చెప్పిన ఆరు దోషాలు: కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట లేవడం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువవడం. నేను చూసిన ఏ సామ్రాజ్య పతన సిద్ధాంతమూ దీనికన్నా పొందికగా లేదు. ఐదోది చూడండి. ఉన్న నీళ్లకు మించి ఆయకట్టు పెంచుకోవడం. జయించిన నేలను కాపాడే ఆదాయం లేక కూలిన రాజ్యాలన్నీ ఆ ఒక్క దోషం కిందికే వస్తాయి.

మూడోది ఇంకా గమ్మత్తు. రెండు రాజ్యాల మధ్య చెరువును ఎవరూ బాగుచేయరు. తెగితే పక్కవాడికే నష్టమని ఇద్దరూ అనుకుంటారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు. ఈనాడు రాజ్యాలు లేవు, శాఖలు ఉన్నాయి. శిఖం, అంటే చెరువు లోపల నీళ్లు నిలిచే భూమి, రెవెన్యూది, కట్ట, తూము నీటిపారుదలవాళ్లవి, చేపలు మత్స్య సంఘానివి. పైనుంచి నీళ్లు తెచ్చే కట్టుకాల్వ ఎవరి పొలం గెట్టు పక్కన పోతుందో ఆ రైతు దున్నుకునే దాకా ఎవరిదీ కాదు. ఆరు వందల యాభై ఏళ్ల కిందటి దోషమే, పేరు మాత్రం మారింది.

ఇక అలుగు సంగతి. కట్ట బలం కన్నా అలుగు ఆరోగ్యం ముఖ్యమన్న మాట కొత్తవాళ్లకు ఎక్కదు. నిండిన తర్వాత వచ్చే నీళ్లు పోవడానికే అలుగు. అది కట్ట తల కన్నా మూడు నాలుగడుగులైనా దిగువన ఉండాలి. ఇంకో అడుగు నీళ్లు నిలబడితే ఇంకో పదెకరాలు పారుతుందని అలుగు మీద మట్టి మూటలు, రాళ్లు పేర్చడం ఎప్పటి నుంచో ఉన్న దురాశ. ఏడేళ్లు ఏమీ కాదు. ఎనిమిదో ఏడు పెద్ద వాన వస్తుంది, నీళ్లు కట్ట మీంచి పొర్లుతాయి. మట్టికట్ట మీంచి నీళ్లు పొర్లితే ఇక తెగినట్టే. గొలుసుకట్టులో పై చెరువు తెగితే దాని నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. 1908 సెప్టెంబరు 28 మూసీ వరదలో జరిగింది ఇదే. తర్వాత లెక్క చూస్తే హైదరాబాదు ఎగువ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని తేలింది. హైదరాబాదును ముంచింది వాన ఒక్కటే కాదు, ఒకదాని మీద ఒకటి పడ్డ ఆ 221 చెరువులు కూడా. విశ్వేశ్వరయ్య సలహాతో తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అసలు పని ఆ మిగులును పట్టి మెల్లగా వదలడం.

రాజ్యానికీ అలుగు కావాలి. జనం మొర, కోపం, మిగిలిన సత్తువ ఎక్కడో ఒకచోట బయటికి పారాలి. నల్లగొండలో నిజాం ఏలుబడి చివరి రోజుల్లో దేశ్‌ముఖులు ఆ అలుగుకే రాళ్లు పేర్చారు. వెట్టి, నాగులు అనే ధాన్యపు వడ్డీ అప్పులు, బేదఖళ్లు అంటే రైతును భూమి నుంచి వెళ్లగొట్టడం. మొర పెట్టుకుంటే వినవలసిన కచేరీ కూడా దేశ్‌ముఖు గడిలోదే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చిన రోజు నీళ్లు కట్ట మీంచి పొర్లడం మొదలైంది. తర్వాత రెండేళ్లలో ఊరి మీద ఊరు, చెరువు మీద చెరువులా తెగింది. 1948 సెప్టెంబరులో వచ్చిన సైన్యం, ఊళ్లలో అప్పటికే తెగిన కట్టనే దాటింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. చెరువుల వ్యవస్థను ఇంత మెచ్చుకుంటున్నారు, దాన్ని మోసింది ఎవరు? కట్ట మీద రాత్రంతా కాపలా కాసి, చలికాలం తూములో దిగి తలుపు తీసే నీరటి చాలా ఊళ్లలో దళితుడు. పూడిక మోసింది వెట్టి మనుషులు. కట్టమైసమ్మకు కోడిని కోసేది అందరూ, బుంగలో గడ్డి కుక్కడానికి నీళ్లలో మునిగేది అతనొక్కడే. నిజమే. అందుకే పాతదాన్ని యథాతథంగా తిరిగి తేవాలనేవాళ్లతో నాకు పొత్తు లేదు. కులం మీద కట్టిన మరమ్మతు, ఆ మనుషులు తల ఎత్తిన రోజున ఆగుతుంది, ఆగాలి. వెట్టి పోయినప్పుడు ఆ పనికి కూలి పెట్టకుండా, పనినే మరిచిపోవడం మాత్రం మనం చేసిన తప్పు. 1984-85లో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చి చాలాచోట్ల కాగితం మీదే చల్లారాయి. 2020లో ఊరి రెవెన్యూ అధికారులైన వీఆర్వోలు పోయారు, 2023లో వాళ్ల కింది సహాయకులైన వీఆర్‌ఏలను వేరే శాఖల్లో సర్దారు. వాళ్లలో మిగిలి ఉన్న నీరట్లూ అట్లాగే కట్ట దిగిపోయారు.

కట్ట మీద మనిషి లేని ఆ కాలంలోనే బోర్లు వచ్చాయి. బోరు సొంతం, చెరువు ఉమ్మడి. సొంతానికి మరమ్మతు వెంటనే జరుగుతుంది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆయకట్టులో ఉన్న రైతుకు కూడా తూము ఎప్పుడు తీస్తారన్న ధ్యాస తగ్గింది. కానీ బండలో లోతుకు పోయేకొద్దీ నల్లగొండలో ఫ్లోరైడ్ తగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ గీత ఎన్ని రెట్లు దాటిందో అక్కడి వంగిన వెన్నులు చెబుతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను దింపే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. ఒక జిల్లా పేరు ఒక విరుగుడుకు స్థిరపడటం కన్నా దాని రోగానికి పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

పాలమూరులో కారింది మనుషులు. చెరువు తెగిన ఊరి నుంచి ముంబై, పుణె దాకా మేస్త్రీ వెంట పోయిన గుంపులను దేశమంతా పాలమూరు లేబర్ అంది. ఇతరుల డ్యాములకు మట్టి మోసిన చేతులు సొంత ఊరి కట్ట మీద లేకపోవడం. ఒక ఎండాకాలం పోయి వానకాలానికి తిరిగొస్తే తేట నీరు అనుకోవచ్చు. ఇంటికి తాళం వేసి పోయినప్పుడు కట్ట మట్టే కదిలింది.

మరి పునరుద్ధరణ ఎట్లా ఉంటుంది? 2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలో 46,531 చెరువులను లెక్కలోకి తెచ్చారు. పూడికమట్టి పొలాలకు తోలుకున్న రైతులకు ఎరువు ఖర్చు కలిసొచ్చింది, కొన్నిచోట్ల బావుల్లో నీళ్లు పైకొచ్చాయి. ఇంకో పక్క కల్వకుర్తి ఎత్తిపోతలతో నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు చెరువులకు కృష్ణ నీళ్లు చేరాయి. ఉదయసముద్రం ఇప్పుడు కృష్ణ నీళ్లు పట్టే బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. కందూరు చోడుడి పేరు, ఈనాటి మోటారు, ఒకే నీళ్లు. పాత కట్టలోకి కొత్త నీళ్లు రావడాన్నే నేను పునరుద్ధరణ అంటాను. రెండింటిలో ఏది లేకపోయినా కాదు.

అయితే పనిలో జరిగే పొరపాట్లు ఒకే తీరుగా ఉంటాయి. పొక్లెయిన్ వచ్చిందంటే ముందు కట్ట పక్కనే తవ్వుతుంది, ట్రాక్టర్లకు దగ్గర కాబట్టి. కట్ట పాదం దగ్గర ఏళ్ల తరబడి పేరుకున్న మెత్తటి ఒండ్రు నీటిని కిందికి దిగనీయని పొర. దాన్ని చెక్కేసి మొరం తేల్చితే కట్ట కింద నుంచి నీళ్లు దారి పడతాయి. పాదం నుంచి కనీసం పది మీటర్లు వదిలి తవ్వాలి. తూము గడప మట్టం కన్నా లోతుకు తవ్విన గుంటలో నీళ్లు నిలుస్తాయి కానీ పొలానికి పారవు. అది పశువులకు, బావులకు మేలే. కానీ ఆయకట్టు పెరిగిందని రాసుకోవడం తప్పు. కట్ట మీద సర్కారు తుమ్మను పైపైన నరికి వదిలేస్తే మొద్దు కింద వేరు కుళ్లి, నాలుగేళ్లకు సొరంగం అవుతుంది. మొద్దు పెకిలించి, ఆ గుంతను అరడుగు మందం పొరలుగా తడి మట్టితో నింపి దిమ్మిస కొట్టాలి. చాలాచోట్ల సిమెంటు పనులన్నీ అయ్యాక చివరికి మిగిలేది కట్టుకాల్వ. అది పూడి ఉంటే మిగతా ఖర్చంతా ఎండిన గుంతకు అలంకారం.

బుంగ పడితే చేసేదీ తలకిందులుగా చేస్తారు. నీళ్లు ఉబికే చోట బంకమట్టితో బిరడా కొడతారు. లోపల ఒత్తిడి పెరిగి పక్కన ఇంకో చోట పగులుతుంది. చేయవలసింది ఉబికే చోటు చుట్టూ ఇసుక మూటలతో బావి గట్టులా పేర్చడం. లోపల నీటిమట్టం పెరిగేకొద్దీ పారుదల నెమ్మదిస్తుంది. గట్టు లోపల ముందు ఇసుక, పైన కంకర పోస్తే నీళ్లు వస్తాయి, మట్టి రాదు. చెరువు లోపలివైపు సుడి తిరిగే చోటు వెతికి, గడ్డి మోపులు, బంకమట్టి మూటలు దింపాలి. ఈలోగా తూము తీసి మట్టం తగ్గించాలి. మూసేయడం కాదు, నీటిని పోనిచ్చి మట్టిని ఆపడం. తిరుగుబాటును ఎదుర్కొన్న రాజుల్లో ఎంతమందికి ఈ తేడా తెలుసు?

ఇవన్నీ సరిగా చేసినా, వచ్చే ఏడు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని కారే నీళ్ల రంగు చూసేది ఎవరన్న ప్రశ్న మిగులుతుంది. ప్రభుత్వ జీతం మంచిదే, కానీ ఆ మనిషి బతుకు ఆ చెరువుకు కట్టి ఉండదు. దశబంధాన్ని ఈ కాలపు సొమ్ములోకి మార్చుకోవచ్చు. ఆయకట్టు భూమి పంచే రోజులు పోయాయి, చెరువు కింద ఏటా డబ్బుగా చేతికొచ్చేది చేపల ఆదాయం. అందులో పదోవంతు చెరువు పేరున ఖాతాలో వేసి, కులంతో సంబంధం లేకుండా ఊరు ఎన్నుకున్న ఒక కట్ట మనిషికి వానకాలం మొదలు నుంచి యాసంగిలో ఎంత భూమి పారించాలో తేల్చే తైబందీ దాకా నెలనెలా ఇవ్వాలి. చెరువు నిండితే చేపలు, చేపలుంటే అతని జీతం.

చిక్కు ఎక్కడ వస్తుందో కూడా తెలుసు. చేపలవాళ్లకు నీళ్లు నిలవాలి, రైతులకు తూము తెరవాలి. అలుగు పారేటప్పుడు చేపలు పోకుండా జాలి కట్టేదీ మత్స్య సంఘమే. దానికి చెత్త, గుర్రపుడెక్క అడ్డుపడి అలుగు మూసుకుపోతుంది. కాబట్టి పదోవంతు ఒప్పందం రాసుకునే రోజునే ఇంకో వాక్యం కూడా రాసుకోవాలి: నీళ్లు అలుగు మీద అడుగు మందం దాటితే, ఎవరినీ అడగకుండా ఆ జాలి కోసేసే హక్కు కట్ట మనిషిది.